ఖమ్మంలో రెండు సభలు



ఖమ్మం పట్నం ఒకే సంస్థ మహాసభను రెండుసార్లు చూసింది. మొదటిసారి 1934లో, రెండోసారి 1945లో. రెండుసార్లూ పందిరి మీద పేరు ఒకటే, ఆంధ్ర మహాసభ. నడుమ గడిచింది పదకొండేళ్లు. 1934లో అధ్యక్షులు పులిజాల వెంకటరంగారావు గారు. 1945లో రావి నారాయణరెడ్డి గారు. మొదటి సభ కాలంలో ఈ సంస్థ అంటే వకీళ్లు, వర్తకులు, పటేల్ పట్వారీల ఇళ్లలో నాలుగక్షరాలు చదివిన యువకులు. రెండో సభ నాటికి పాలేర్లు, కౌలుదార్లు, చిన్న రైతులు కూడా అందులో ఉన్నారు. మొదటి సభ సర్కారుకు మహజరు పెట్టుకునేది. రెండో సభ తర్వాత ఏడాది తిరిగేసరికి ఊళ్లలో వడిసెలలు, గుతపలు బయటికొచ్చాయి.

ఇంకో సంగతి. ఆ 1945లోనే హనుమకొండ పక్కన మడికొండలో కూడా ఆంధ్ర మహాసభ జరిగింది, మందుముల నరసింగరావు గారి అధ్యక్షతన. అంటే ఒక్క ఏడాదిలో రెండు ఆంధ్ర మహాసభలు. ఇద్దరూ మాదే అసలైనదన్నారు. ఈ పూట నేను చెప్పబోయేది ఆ చీలిక కథ. నలభై ఏడు, నలభై ఎనిమిదిల నాటి తెలంగాణ సాయుధ పోరాటం మీద పుస్తకాలు చాలా వచ్చాయి. ఆ పోరాటానికి ముందు, గ్రంథాలయాలు పెట్టుకుని, బాల్యవివాహాలు వద్దని తీర్మానాలు చేసుకునే ఒక నెమ్మదైన సంస్థ ఆ ఉరవడిలోకి ఎలా వెళ్లింది, వెళ్లాక ఎందుకు నిలవలేకపోయింది అన్నది మాత్రం మనం తక్కువగా మాట్లాడుకుంటాం.

పుట్టుక అందరికీ తెలిసిందే, క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. 1921 నవంబరులో హైదరాబాదులో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు కార్వే గారు, స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసిన మరాఠీ పెద్దమనిషి. ఆ వేదిక మీద అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభలోవాళ్లు గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు గారింట్లో డజను మంది తెలుగువాళ్లు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. సంస్కరణ సభలో జరిగిన అవమానం నుంచి ఇంకో సంస్కరణ సంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు గారు దానికి ప్రాణం. బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, సురవరం ప్రతాపరెడ్డి వంటివారు దన్ను. 1930లో జోగిపేటలో సురవరం వారి అధ్యక్షతన అది ఆంధ్ర మహాసభ అయింది. మరుసటి ఏడు దేవరకొండలో, ఆ తర్వాత మూడేళ్లకు మన ఖమ్మంలో.

ఆ తొలి పదేళ్ల పనిని ఇప్పటివాళ్లు కొందరు తేలికగా తీసేస్తారు. అర్జీలు, విన్నపాలు, 'ప్రభువుల వారి దయ' అంటూ మొదలయ్యే తీర్మానాలు అని. నాకు ఆ చులకన నచ్చదు. గస్తీ నిషాన్ 53 అమల్లో ఉన్న రాజ్యం అది. ముందుగా అనుమతి లేకుండా సభ పెట్టకూడదు. కచ్చేరీ భాష ఉర్దూ. రైతుకు తన పొలం కాగితం మీద ఏం రాసుందో చదివి చెప్పేవాడు ఊరికొక్కడు, వాడూ పట్వారీయే. అటువంటిచోట ఊళ్లో ఒక గది తీసుకుని, నాలుగు పత్రికలు తెప్పించి, సాయంత్రం దీపం పెట్టి చదివి వినిపించడం చిన్న పనేం కాదు. పదిహేనేళ్ల తర్వాత దళాల్లో తిరిగిన కుర్రాళ్లలో చాలామంది మొదట అడుగుపెట్టింది ఆ పఠనాలయాల గుమ్మంలోనే. మధిర, ఖమ్మం ప్రాంతాలకు ఇంకొక సౌకర్యం ఉండేది. రైలెక్కితే బెజవాడ. అక్కడి పత్రికలు, అక్కడి పుస్తకాలు, అక్కడి వాదాలు సామాను సంచుల్లో సరిహద్దు దాటి వచ్చేవి.

సరే, అసలు విషయానికి వస్తాను. వెట్టి.

ఆంధ్ర జనసంఘం తొలినాళ్లలో అచ్చువేసిన చిన్న పుస్తకాల్లో ఒకటి వెట్టి చాకిరి గురించి, ఇంకొకటి వర్తక స్వాతంత్ర్యం గురించి. రెండూ ఒకే బాధకు రెండు ముఖాలు. తాసీల్దారో, గిర్దావరో, పోలీసు అమీనో ఊరికి మకాం వస్తే కోమటి బియ్యం, పప్పు, నెయ్యి పంపాలి. వాళ్లు ఇచ్చినంతే ధర, ఇవ్వకపోతే అదీ లేదు. కుమ్మరి కుండలు మోయాలి, చాకలి దీవిటీ పట్టాలి, మాదిగ కబురు మోస్తూ పై ఊరిదాకా పరుగెత్తాలి. సంఘం దీన్ని ఎదిరించిన తీరు తెలివైనది. వెట్టి చేయించుకోరాదని సర్కారు ఫర్మానాలు ఉర్దూలో ఉన్నవే, వాటిని తెలుగులో అచ్చువేసి పంచారు. 'మీ ప్రభువు చెప్పిందే మేమూ చెబుతున్నాం' అన్నట్టు. అధికారి మాట్లాడలేడు. వర్తకులు నిలదొక్కుకున్నారు, సంఘానికి చందాలిచ్చారు.

కానీ ఊళ్లో వెట్టి చేయించుకునేది మకాం వచ్చిన అధికారి ఒక్కడే కాదు కదా. అధికారి ఏడాదికి నాలుగుసార్లు వస్తాడు. దొర రోజూ ఉంటాడు. గడిలో నీళ్లు తోడేవాళ్లు, పశువుల కొట్టం ఊడ్చేవాళ్లు, దొర పొలంలో దున్నాకే తన పొలంలో దున్నుకోవలసిన రైతులు, నాగు గింజలకు తాత పేరున తీసిన అప్పు కింద పాలేరుతనం చేసే మనవళ్లు, వీళ్ల సంగతి ఏ పుస్తకంలో అచ్చువేయాలి? సర్కారు వెట్టి మీద తీర్మానం పెడితే సభంతా చప్పట్లు కొడుతుంది. దొర వెట్టి మీద పెడితే ముందు వరుసలో కొన్ని కుర్చీలు కదులుతాయి. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లు చెడ్డవాళ్లని నేననను. చదువుకున్నవాళ్లు, ఖాదీ కట్టినవాళ్లు, వితంతు వివాహాలు చేయించినవాళ్లు వాళ్లలో ఉన్నారు. అయితే తాము లేవనెత్తిన ప్రశ్న తమ ఇంటి గడప దాకా వస్తుందని వాళ్లు అనుకోలేదు. ఆంధ్ర మహాసభ చీలికకు సిద్ధాంతాలు, స్పర్ధలు, యుద్ధం మీద అభిప్రాయభేదాలు అన్నీ కారణాలే. నా మటుకు నాకు మొదటి పగులు అక్కడ కనిపిస్తుంది, సర్కారు వెట్టికీ దొర వెట్టికీ మధ్య.

పైకి కనబడిన పేచీ వేరు. నిజాం సర్కారు 1939లో రాజకీయ సంస్కరణలు ప్రకటించింది. అందులో శాసనసభ ఉంది గానీ దాని చేతిలో పెద్దగా ఏమీ లేదు. దొరికినంత పుచ్చుకుందామని పెద్దలు, బహిష్కరిద్దామని యువకులు. 1940లో మల్కాపురం సభలో ఈ గొడవ బహిరంగమైంది. మరుసటేడు చిలుకూరులో రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులయ్యారు. బొల్లేపల్లి భూస్వామి ఇంటి బిడ్డ, హరిజన సేవ నుంచి రాజకీయాల్లోకి వచ్చినవాడు, అప్పటికే కమ్యూనిస్టు. 1942లో ధర్మవరం సభకు మాదిరాజు రామకోటేశ్వరరావు గారు, 1943లో హైదరాబాదు సభకు కొండా వెంకట రంగారెడ్డి గారు. చూశారా, పగ్గం ఒక ఏడు ఇటు, రెండేళ్లు అటు. ఈలోగా యుద్ధం. కమ్యూనిస్టులు దాన్ని ప్రజాయుద్ధమన్నారు, జాతీయవాదులు క్విట్ ఇండియా అన్నారు. ఒకే బల్ల మీద భోజనానికి కూర్చోవడం కూడా కష్టమైపోయిన రోజులు.

ఆ యుద్ధమే ఊళ్లలో ఇంకో పని చేసింది. లెవీ ధాన్యం. సర్కారు ఇంత కొలవాలి అంటే, దొర తన గాదె ముట్టకుండా ఆ భారం చిన్నరైతు మీదికి తోసేవాడు, పట్వారీ ఆ ప్రకారమే రాసేవాడు. గింజ పోతే మనిషి ఊరుకోడు. సంఘం వాళ్లు లెక్క అడగడం మొదలుపెట్టారు. కమ్యూనిస్టుల చేతికి వచ్చాక సభ్యత్వ రుసుం రూపాయి నుంచి నాలుగణాలకు దిగింది. చరిత్రకారులు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. నేను దాటలేను. రూపాయి పెట్టగలవాడు వేరు, నాలుగణాలు పెట్టగలవాడు వేరు. నాలుగణాల చిట్టి చేతికి వచ్చిన పాలేరు సభకు వచ్చి కూర్చుంటే, రూపాయి సభ్యుడు తీర్మానం చేసినట్టు తీర్మానం చెయ్యలేడు. తన పాలేరు వింటున్నాడు. 'నీ బాంచన్ దొరా' అన్న నోటితోనే ఆ పాలేరు నలుగురిలో నిలబడి 'మా ఊళ్లో దొర కొలవలేదు' అంటాడు. ఊళ్లలో దాన్ని ఆంధ్ర మహాసభ అని ఎవరూ పిలవలేదు. సంఘం అన్నారు. 'సంఘపోళ్లు వచ్చిన్రు' అన్నారు.

1944లో భువనగిరి. పాత తరం పెద్దల్లో చాలామంది ఆ సభకు రాలేదు. రావి నారాయణరెడ్డి గారు మళ్లీ అధ్యక్షులయ్యారు. అక్కడితో సంస్థ రెండయింది. మరుసటి ఏడాది ఒకరు ఖమ్మంలో, ఒకరు మడికొండలో. నేను మొదట చెప్పింది ఇదే.

ఇలాంటిది ప్రపంచంలో మనకొక్కళ్లకే జరిగిందా అంటే, కాదు. రష్యాలో 1917లో రైతుల పార్టీ ఒకటి ఉండేది, సోషలిస్టు రెవల్యూషనరీలని. పల్లెల్లో దానికున్నంత పలుకుబడి ఇంకెవరికీ లేదు. సరిగ్గా విప్లవం నడిమధ్య అది కుడి, ఎడమగా చీలింది. చీలేనాటికి ఎన్నికల జాబితాలు తయారైపోయాయి. రైతులు పాత పేరు చూసి ఓట్లు వేశారు, రాజ్యాంగసభలో ఎక్కువ స్థానాలు ఆ పేరుకే వచ్చాయి. ఆ సభ 1918 జనవరిలో ఒక్కసారి కూడి, రద్దయిపోయింది. పైన నాయకులు చీలినా కింద జనానికి పాత పేరే మిగలడం మన దగ్గర కూడా జరిగింది. ఖమ్మం సభ ఎవరిది, మడికొండ సభ ఎవరిది అని పాలేరులోనో, కూసుమంచిలోనో రైతు ఆరా తీశాడని నేననుకోను. చిట్టి ఉందా, సంఘం వచ్చిందా, లెవీ గింజ మిగిలిందా, అంతవరకే.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పకపోతే అన్యాయం. సర్దార్ జమలాపురం కేశవరావు గారు. 1908లో ఎర్రుపాలెంలో పుట్టారు. ఖమ్మం ప్రాంతంలో జాతీయవాదుల పక్షాన పెద్ద తల. మడికొండ తర్వాత ఆ పక్షం 1946లో మెదక్ జిల్లా కందిలో సభ పెడితే అధ్యక్షులు ఆయనే. దొరలంతా ఒకవైపు, పేదల పక్షం ఇంకోవైపు అని ఈ చీలికను గీత గీసి చెప్పేవాళ్లకు కేశవరావు గారు అడ్డం వస్తారు. ఉన్న కుటుంబంలో పుట్టి వెట్టిని ఎదిరించినవాడు, జైళ్లకు వెళ్లినవాడు, తరువాత హైదరాబాదు స్టేట్ కాంగ్రెసుకు అధ్యక్షుడయినవాడు, 1953లో నలభై అయిదేళ్లు నిండకుండా కన్నుమూసినవాడు. అటువైపు చూస్తే రావి నారాయణరెడ్డి గారూ కలిగిన ఇంటివారే, తన భూమిని పేదలకు పంచినవారు. నాయకుల పుట్టుక చూసి చీలికను కొలవలేం. వాళ్ల వెనకాల నిలబడ్డది ఎవరు, నిలబడ్డవాళ్లు ఏం అడిగారు అన్నది చూడాలి.

కంది సభ జరిగిన ఏడాదే స్టేట్ కాంగ్రెసు మీద నిషేధం పోయింది. జాతీయవాదుల ఆంధ్ర మహాసభ దానిలో కలిసిపోయింది. కమ్యూనిస్టుల ఆంధ్ర మహాసభ? 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ తరువాతి నెలల్లో సభలు, మహజర్లు పోయి రక్షణ దళాలు వచ్చాయి. సర్కారు నిషేధం పెట్టింది. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ గార్ల పేర సాయుధ పోరాట పిలుపు వచ్చింది. అప్పటికి ఆంధ్ర మహాసభ అన్నది రెండువైపులా లేదు. ఒక సగం కాంగ్రెసులో కరిగింది, ఒక సగం కమ్యూనిస్టు పార్టీలో కరిగింది. విప్లవం ముదిరేసరికి దాన్ని మొదలుపెట్టిన సంస్కరణ సంస్థకు చోటు లేకపోయింది. మాడపాటి వారి తరం మీద నాకు ఎంత గౌరవం ఉన్నా, ఈ ముగింపును వాళ్లు తప్పించగలిగేవారని అనుకోను. దొర వెట్టిని వాళ్లే గట్టిగా పట్టుకుని ఉంటే? ఏమో, అప్పుడు ముందు వరుస కుర్చీలు ఇంకా ముందే ఖాళీ అయ్యేవి.

ఇప్పుడు ఆ పోరాటం చేరిన అడవికి వద్దాం.

ఆ రోజుల్లో మన జిల్లా పటం ఇప్పటిలా లేదు. గోదావరికి ఇవతల పాల్వంచ, ఇల్లందు, బూర్గంపహాడ్ నిజాం రాజ్యం. అవతల భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో తూర్పు గోదావరి ఏజెన్సీ. రాముడి కల్యాణానికి నిజాం రాజ్యం నుంచి పడవ ఎక్కి బ్రిటిష్ ఇలాకాలో దిగేవారన్నమాట. భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. నది దాటితే నిజాం పోలీసు చెయ్యి సాగదు, నిజమే. కానీ అటువైపు మద్రాసు సర్కారు కూడా కమ్యూనిస్టులను వెతుకుతోంది. కాబట్టి దళాలకు దిక్కు ఊరూ కాదు, ఒడ్డూ కాదు. అడవి.

1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. మైదానంలో దాక్కోవడం కష్టమయ్యాక నల్గొండ, ఖమ్మం పల్లెల దళాలు ఇల్లందు, పాల్వంచ అడవుల్లోకి, గోదావరి తీరానికి జరిగాయి. అక్కడ కోయగూడేలు. ఇక్కడ లెక్కలు మారాయి. మైదానంలో గొడవ దొరతో, అడవిలో గొడవ జంగ్లాత్‌తో, అంటే అటవీ శాఖతో. ఎండుకట్టె తెస్తే మామూలు, పశువు మేస్తే మామూలు, పోడు కొడితే కోడిపుంజు, నెయ్యి, పైన డబ్బు. వడ్డీ వ్యాపారి చేతిలో ఇప్పపువ్వు, కరక్కాయ తూకం ఎప్పుడూ తక్కువే. దళాలు మొదట ఆ మామూళ్లను ఆపాయి, గూడేలు వాళ్లకు అన్నం పెట్టాయి. తెలుగులో మాట్లాడే హక్కు కోసం పుట్టిన సంస్థ, ఇరవై ఏడేళ్లు గడిచి, పేరు మారి, రూపు మారి, ఇంట్లో తెలుగు మాట్లాడని జనం చేతి కూడు తిని బతికింది. 1921 నాటి ఆ డజను మందికి ఈ మాట చెబితే నమ్మేవారు కాదేమో.

దానికి కోయవాళ్లు పెట్టిన ఖర్చు పెద్దది. దళాలకు తిండి అందకుండా చెయ్యడానికి సైన్యం గూడేలు ఖాళీ చేయించి, జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లో కుక్కింది. మలయాలో బ్రిటిష్ వాళ్లు అదే కాలంలో చేసిన పనిని చూసి దానికి బ్రిగ్స్ పథకమనే పేరు వచ్చింది. పుచ్చలపల్లి సుందరయ్య గారు 1972లో తెచ్చిన పోరాట చరిత్రలో ఈ అటవీ ప్రాంతం సంగతులు వివరంగా ఉన్నాయి. పోరాటం మొత్తంలో నాలుగు వేల మంది చనిపోయారని, పది లక్షల ఎకరాలు పంచామని పార్టీ లెక్క.

దళాలు అడవిలో ఉండగానే పైన మళ్లీ చీలిక మొదలైంది. నిజాం పోయాడు, ఇక తుపాకులు దించుదామని రావి నారాయణరెడ్డి గారు. పంచిన భూమి దొరలు లాక్కుంటుంటే ఎలా దించుతామని దేవులపల్లి వెంకటేశ్వరరావు గారి వంటివారు. చైనా దారా, రష్యా దారా అన్న తర్కం 1951 తొలినాళ్లలో మాస్కో దాకా వెళ్లింది. స్టాలిన్‌ను కలవడానికి వెళ్లిన నలుగురిలో మన తెలుగువాళ్లే ఇద్దరు, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. పాల్వంచ అడవిలో తుపాకి దించాలా వద్దా అన్నది క్రెమ్లిన్‌లో మాట్లాడుకున్నారంటే వింతగానే ఉంటుంది. 1951 అక్టోబరులో పోరాట విరమణ. కొద్ది నెలల్లో ఎన్నికలు. నల్గొండలో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు. ఖమ్మం లోక్‌సభ స్థానంలో టి.బి. విఠల్‌రావు గారి గెలుపు.

ఆ మీదట జరిగింది ఈ ప్రాంతంవాళ్లకు నేను చెప్పనవసరం లేదు. 1964లో కమ్యూనిస్టు పార్టీ సీపీఐ, మార్క్సిస్టు పార్టీ (సీపీఎం) అని రెండయింది. ఖమ్మంలో గిరిప్రసాద్ భవన్ ఒకరిది, సుందరయ్య భవన్ ఒకరిది. కొత్తగూడెంలో శేషగిరి భవన్, మంచికంటి భవన్. ఖమ్మం మునిసిపాలిటీని ఏలిన చిర్రావూరి లక్ష్మీనరసయ్య గారు, మంచికంటి రామకిషన్‌రావు గారు ఒక పక్కకు, నల్లమల గిరిప్రసాద్ గారు ఇంకో పక్కకు వెళ్లారు. ఒకే తరం, ఒకే పోరాటం.

దేవులపల్లి వారి దారి ఒక్కటి చూడండి, చీలికల చరిత్రంతా ఒక్క మనిషిలో ఉంటుంది. ఆంధ్ర మహాసభలో పనిచేశారు. సాయుధ పోరాటం నడిపారు. విరమణను ఇష్టపడలేదు. అయినా 1957లో నల్గొండ నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1964లో మార్క్సిస్టు పార్టీ. 1968లో బర్ద్వాన్ ప్లీనం తర్వాత దాంట్లోంచీ బయటికి, తరిమెల నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్య గార్లతో కలిసి. ఆ నలుగురూ కూడా నిలవలేదు. అడవిలో ఇప్పుడే దళాలు కట్టాలా, ముందు జనాన్ని భూపోరాటాల్లో సిద్ధం చేయాలా అని మళ్లీ తగవు. పుల్లారెడ్డి గారి పక్షం గోదావరి లోయ అడవులను పట్టుకుంది, ఇల్లందు, గుండాల, పాల్వంచ వైపు. ఆ పక్షం నుంచే గుమ్మడి నర్సయ్య గారు 1983 మొదలు ఇల్లందు నుంచి అయిదుసార్లు శాసనసభకు గెలిచారు, సైకిలు మీద తిరిగే ఎమ్మెల్యేగా పేరు తెచ్చుకున్నారు. తుపాకి పట్టిన అడవిలో చివరికి బ్యాలెట్ పెట్టె నిండింది. తర్వాత ఆ పక్షం నుంచి వచ్చిన న్యూ డెమోక్రసీ కూడా చంద్రన్న వర్గం, రాయల వర్గం అని రెండయింది. చర్ల మీదుగా ఛత్తీస్‌గఢ్ అడవుల్లోకి వెళ్లిన మావోయిస్టుల కథ వేరు, దానికి ఇంకో ప్రసంగం కావాలి.

నదికి అవతల భద్రాచలంలో మార్క్సిస్టు పార్టీ ఆదివాసులనే నిలబెట్టింది. కుంజా బొజ్జి గారు 1985 నుంచి మూడుసార్లు, సున్నం రాజయ్య గారు 1999, 2004, 2014లో. ఆటోలో, ఆర్టీసీ బస్సులో అసెంబ్లీకి వెళ్లే ఎమ్మెల్యేలని వీళ్ల గురించి జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. 2014లో రాష్ట్రం విడిపోయి పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినప్పుడు ఇద్దరి సొంత ఊళ్లూ వరరామచంద్రపురం మండలంతో పాటు అటు వెళ్లిపోయాయి. అప్పట్లో రాజయ్య గారు తెలంగాణ శాసనసభ్యుడు, ఆయన ఊరు ఆంధ్రలో.

ఇన్ని చీలికల్లోనూ అడవిలో ప్రశ్న ఒక్కటే మిగిలింది. భూమి ఎవరిది? 1970లో వచ్చిన చట్టాన్ని గూడేల్లో వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని. శ్రీకాకుళం, గోదావరి అడవుల అలజడి వెనకాల ఉంది కాబట్టే అంత గట్టి చట్టం వచ్చిందని నా అభిప్రాయం. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. చట్టం ఉన్నా పోడు చేసుకునే రైతుకూ ఫారెస్టు వాళ్లకూ ప్రతి తొలకరికీ తగవే. మొక్కలు నాటడానికి కందకాలు తవ్వేది వాళ్లు, పూడ్చేది వీళ్లు.

2021 అక్టోబరు 5న అశ్వారావుపేట నుంచి ఆదిలాబాదు దాకా, దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు, పోడు పట్టాల కోసం రోడ్ల మీద బైఠాయింపు జరిగింది. పిలుపిచ్చినవాళ్లలో కాంగ్రెస్, సీపీఐ, సీపీఎం, న్యూ డెమోక్రసీ ఉన్నాయి. మడికొండ సభ వారసులు, ఖమ్మం సభ వారసులు, ఆ వారసుల్లోంచి విడిపోయినవాళ్లు ఒకే రోడ్డు మీద కూర్చున్నారు. 2023 జూన్ చివర సర్కారు పోడు పట్టాలు పంచడం మొదలుపెట్టింది. అందినవాళ్లకు అందాయి, అందనివాళ్లు ఇంకా తిరుగుతున్నారు. అదే ఏడాది చివర ఎన్నికలు వచ్చాయి. సీపీఐ కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుని కొత్తగూడెం గెలిచింది. సీపీఎం సీట్ల దగ్గర కాంగ్రెస్‌తో పొసగక విడిగా నిలబడి, భద్రాచలంలోనూ పాలేరులోనూ ఓడింది.